నీ స్పాన్సర్ ఎవరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదక వర్గం తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ళచారు, రేకు పెట్టెలు, వాన పడితే ఒక మూలకు జరుపుకునే పడకలు, ఆదివారం గేటు దగ్గర టిఫిన్ క్యారియర్‌తో నిలబడే అమ్మ. ఇవన్నీ ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకంటే బాగానే రాస్తున్నారు. అందుకని వాటిని వాళ్ళకే వదిలేసి, పోయిన ఏడాది పూర్వ విద్యార్థుల సమావేశంలో సగంలో ఆగిపోయిన ఒక చర్చ గురించి రాస్తున్నాను. ఆ రోజు భోజనాల వేళ అయిపోవడంతో అధ్యక్షులవారు "మళ్ళీ మాట్లాడుకుందాం" అన్నారు. మళ్ళీ మాట్లాడుకోలేదు.

రానివాళ్ళ కోసం చెబుతాను. మన సీనియర్ అన్న ఒకాయన ఒక ప్రతిపాదన పెట్టారు. ఉద్యోగాల్లో స్థిరపడిన ప్రతి పూర్వ విద్యార్థి ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకోవాలి. నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వాలి. స్టడీ హాలు గోడ మీద దాత ఫోటో, దాని పక్కనే పిల్లవాడి ఫోటో పెట్టాలి. పిల్లవాడు ఆరు నెలలకొకసారి తన మార్కులు తెలుపుతూ దాతకు ఉత్తరం రాయాలి. హాలంతా చప్పట్లు మోగింది. ఆ అన్న మనసు నాకు తెలుసు. రిటైరయిన తరువాత కూడా రెండు బస్సులు మారి మన హాస్టల్‌కి వచ్చి లెక్కలు చెప్పిన మనిషి. డబ్బు ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఆ ఫోటో, ఆ ఉత్తరం, ఆ దత్తత అనే మాట, ఈ మూడింటి దగ్గరే నాకు కాళ్ళు ఆడలేదు.

ఫోటో సంగతి మీలో చాలామందికి తెలుసు. నేను ఏడో తరగతిలో ఉండగా పట్నం నుంచి ఒక సంస్థ వాళ్ళు కంచాలు, గ్లాసులు పంచడానికి వచ్చారు. వాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. ముందురోజు సాయంత్రం ఏర్పాట్లు చూడడానికి వచ్చినాయన మా గదుల్లో తిరిగి, "రేపు కొత్త చొక్కాలు వేసుకోకండి, పాతవే వేసుకోండి" అని చెప్పి వెళ్ళాడు. సంక్రాంతికి మా నాన్న కుట్టించిన నీలం చొక్కా నా పెట్టెలో ఉంది. హాస్టల్‌కి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే వేసుకుందామని దాచుకున్నది. పెద్దవాళ్ళు వచ్చారు, చొక్కా పెట్టెలోనే ఉండిపోయింది. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. కంచం మంచిదే. ఇంటర్ దాకా వాడాను. కానీ ఆ కంచంలో అన్నం తిన్నప్పుడల్లా ఆ చొక్కా గుర్తొచ్చేది. ఇచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. పేదవాడు పేదవాడిలాగే కనపడాలని ఇచ్చే చెయ్యి కోరుకోవడం మొదలుపెడితే ఏమవుతుందో చెబుతున్నాను.

ఇక ఉత్తరం సంగతి. దీని గురించి నాకు మొదట చెప్పినవాడు మన దేశంవాడు కాదు.

విజయవాడలో డిగ్రీ చదువుతూ కాలేజీ హాస్టల్‌లో ఉన్న రోజులు. చలికాలం రాగానే టిబెట్ వాళ్ళు రోడ్డు పక్క వరసగా దుకాణాలు పెట్టి స్వెట్టర్లు అమ్మేవారు. మన ఊళ్ళలో చాలామంది వాళ్ళను నేపాలీలనేవారు, ఇప్పటికీ అంటారు. ఒక దుకాణంలో నా ఈడు కుర్రాడు ఒకడుండేవాడు. ధర్మశాలలో పన్నెండో తరగతి అయిపోయి, ఆ సీజనుకు వాళ్ళ పిన్నికి సాయంగా వచ్చాడు. నాది మధ్యమ పరీక్ష హిందీ, అతనిది పుట్టి పెరిగిన హిందీ. స్వెట్టరు కొనే స్తోమత నాకు లేదని మొదటి రోజే గ్రహించాడు. అయినా వెళ్ళినప్పుడల్లా స్టూలు జరిపి కూర్చోమనేవాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయిందట. అప్పటినుంచి పిల్లల గ్రామంలోనే పెరిగాడు. నేను కూడా హాస్టల్‌లోనే పెరిగానని చెబితే చాలా సంతోషపడ్డాడు. ఒకరోజు పర్సులోంచి ఒక ముసలావిడ ఫోటో తీసి చూపించాడు. జర్మనీ ఆవిడ. తన స్పాన్సరట. ఎన్నడూ చూడలేదు. ఒకటో తరగతి నుంచి ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు రాస్తూ వచ్చాడు.

"ఏం రాసేవాడివి?" అన్నాను.

"నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, పరీక్షలు బాగా రాశాను."

"సరిగ్గా రాయకపోతే?"

"అప్పుడు మంచు ఎంత పడిందో రాసేవాణ్ణి."

ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత చాలా మామూలుగా, మీ ఊరేదని అడిగినట్టే, "నీ స్పాన్సర్ ఎవరు?" అని అడిగాడు. హాస్టల్‌లో పెరిగినవాడికి స్పాన్సర్ లేకుండా ఎలా ఉంటాడని అతని ఉద్దేశం. "గవర్నమెంటు" అన్నాను. "గవర్నమెంటుకు ఉత్తరాలు రాస్తావా?" అన్నాడు. "రాస్తాం. కాకపోతే మా దగ్గర వాటిని అర్జీలంటారు" అన్నాను. పురుగుల బియ్యం గురించి, రాని స్కాలర్‌షిప్ గురించి మేం తహసీల్దారుకు, జిల్లా అధికారికి పెట్టిన అర్జీల సంగతి చెప్పాను. అతను ఆశ్చర్యపోయాడు. అన్నం పెట్టేవాడి మీద ఫిర్యాదు రాయవచ్చునని అతనికి తట్టలేదు. కొంచెంసేపు ఆలోచించి, "మరి గవర్నమెంటు జవాబు రాస్తుందా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ ముసలావిడ మాత్రం ప్రతి ఉత్తరానికీ తన చేత్తో జవాబు రాసేదట.

ఈ రెండు ప్రశ్నలూ కలిపి చూస్తేనే విషయం పూర్తవుతుంది. మనం ఎప్పుడూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. మాది హక్కు, మాది భిక్ష కాదు అంటాం. నిజమే. కానీ రెండో ప్రశ్న కూడా ఉంది. హక్కుగా వచ్చే అన్నం "తిన్నావా?" అని అడగదు.

ఆ తరువాత ఆ కుర్రాడి బడి గురించి దొరికినంత చదివాను. 1959లో దలైలామా టిబెట్ వదిలి మన దేశం వచ్చారు. ఆయన వెనుక దాదాపు ఎనభై వేలమంది వచ్చారు. పొలాలు, పశువులు ఉన్న జనం ఇక్కడికి వచ్చాక హిమాలయాల్లో రోడ్లు వేసే కూలీలయ్యారు. పిల్లలు రోడ్డు పక్క డేరాల్లో ఉండేవారు. చల్లటి ఎత్తుల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడి వేడికి, నీళ్ళకు, జబ్బులకు తట్టుకోలేక చాలామంది చనిపోయారు. 1960 మే 17న జమ్ము ప్రాంతంలోని ఒక రోడ్డు క్యాంపు నుంచి 51 మంది పిల్లలను ధర్మశాలకు తీసుకువచ్చారు. జబ్బుపడి, చిక్కిపోయి ఉన్నారు. దలైలామా అక్క సేరింగ్ డోల్మా వాళ్ళను చూసుకుంటానని ముందుకు వచ్చారు. అలా ఒక శిశు సంరక్షణ కేంద్రంగా మొదలైనది తరువాత టిబెటన్ పిల్లల గ్రామం అయింది. ఆమె 1964లో చనిపోతే చెల్లెలు జెట్సున్ పేమా ఆ పని అందుకుని 2006 దాకా నడిపారు.

నాకు నచ్చినది వాళ్ళు పెట్టుకున్న పద్ధతి. పెద్ద హాలులో వందమందిని వరసగా పడుకోబెట్టలేదు. చిన్న చిన్న ఇళ్ళు కట్టారు. ఒక్కో ఇంటికి ఒక అమ్మ. ఆ అమ్మ కూడా శరణార్థే. ఒక్కో ఇంట్లో పాతిక ముప్పైమంది దాకా రకరకాల వయసుల పిల్లలు. పెద్దవాడు చిన్నవాడికి స్నానం చేయించాలి, బట్టలు ఉతకాలి, అక్షరాలు దిద్దించాలి. 1972లో ఈ సంస్థ ఎస్ఓఎస్ పిల్లల గ్రామాల అంతర్జాతీయ సంఘంలో సభ్యురాలయింది. డబ్బు యూరప్ నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చింది. వండింది, పెంచింది, చదువు చెప్పింది ఎక్కువగా వాళ్ళవాళ్ళే. ఆ బడుల్లో చదువుకున్నవాళ్ళు ఎందరో మళ్ళీ అక్కడే టీచర్లయ్యారు.

ఇంకో సంగతి మనం గర్వంగా చెప్పుకోవచ్చు. టిబెట్ పిల్లలు తమ భాష, తమ సంస్కృతి మరిచిపోకుండా చదువుకోవాలంటే ప్రత్యేకంగా బడులుండాలని నెహ్రూ ఒప్పుకున్నారు. 1961లో కేంద్ర విద్యాశాఖ కింద టిబెటన్ పాఠశాలల కోసం ఒక సంస్థ ఏర్పడింది. ఖర్చు భారత ప్రభుత్వానిది. మన పొరుగున మైసూరు జిల్లా బైలకుప్పెలో వాళ్ళకు మూడు వేల ఎకరాల అడవి భూమి ఇచ్చింది అప్పటి మైసూరు రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి ఆ కుర్రాడి వెనుక కూడా గవర్నమెంటు ఉంది. కాకపోతే దాని ఫోటో పర్సులో పెట్టుకునే వీలులేదు.

దానం ఎలా చెయ్యాలన్నది మన జిల్లాకు కొత్త ప్రశ్న కాదు. 1876-78 కరువులో మన ప్రాంతం ఎండిపోయినప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. అన్నదాన సత్రం పెట్టకుండా మట్టిపని పెట్టాడు. మన తాతల తాతలు, ఎక్కువమంది మాదిగలు, అక్కడ పని చేసి కూలి తీసుకున్నారు. ఇంకా విశేషం ఏమిటంటే, ఆ కరువు సాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. గింజల కోసం మతంలోకి వచ్చారనే మాట ఎవరూ అనకూడదని. కరువు సాయం అయిపోయిన తరువాతే 1878లో మళ్ళీ మొదలుపెట్టాడు. మతం మంచి చెడ్డల జోలికి నేను పోవడం లేదు. ఆకలితో ఉన్నవాడి దగ్గర నుంచి ఏ మాటా తీసుకోకూడదని ఒక మనిషి అనుకున్నాడు. అది నాకు గొప్పగా కనపడుతుంది. ఆరు నెలలకొకసారి కృతజ్ఞత ఉత్తరం రాయించుకోవడాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

బాబాసాహెబ్ సంగతి మన హాస్టల్‌లో తెలియనివాళ్ళు లేరు. కానీ ఆయన చదువు వెనుక ఉన్న లెక్కను మనం అంతగా పట్టించుకోం. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళపాటు. దానికి బదులుగా చదువయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఆయన ఒప్పందం రాసిచ్చారు. 1917లో తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరితే ఆ ఊళ్ళో ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో మారుపేరుతో దిగితే, కొద్దిరోజులకే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. కొలంబియాకు పంపగలిగిన డబ్బు బరోడాలో ఒక గది ఇప్పించలేకపోయింది. మహారాజును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ సాయం లేకపోతే మనకు అంబేద్కర్ ఎలా వచ్చేవారో! కానీ డబ్బిచ్చే దాత ఒక్కడు ఉంటే చాలదని ఆయన అనుభవంతో తెలుసుకున్నారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడాది షోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. అదే కాలంలో సతారాలో భావురావు పాటిల్ అన్ని కులాల పిల్లలను ఒకే బంతిలో కూర్చోబెట్టి హాస్టల్ నడిపారు. పిల్లలకు గింజలు లేనప్పుడు ఆయన భార్య లక్ష్మీబాయి మంగళసూత్రంతో సహా నగలు అమ్మి వండిపెట్టింది. ఆమె ఫోటో ఎన్ని హాస్టళ్ళ గోడల మీద ఉంది?

మనవైపు సంక్షేమ హాస్టళ్ళకు, గురుకులాలకు ఒక రూపం రావడంలో ఎస్.ఆర్.శంకరన్ గారి చెయ్యి ఎంత ఉందో పాత వార్డెన్లను అడిగితే చెబుతారు. ఐఏఎస్ అధికారిగా హాస్టళ్ళను హక్కుగా నిలబెట్టినాయన. విడిగా తన జీతంలోంచి పేద పిల్లల చదువులకు ఇస్తూ ఉండేవారని ఆయనను ఎరిగినవాళ్ళు రాశారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో పోయారు. ఆయన చేత చదువుకున్న పిల్లల ఫోటోలు ఎక్కడా లేవు. హక్కు కోసం పని చెయ్యడం, చేత్తో సాయం చెయ్యడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని ఆయనను చూస్తే తెలుస్తుంది.

హక్కు అనగానే అంతా బాగుందని కాదు. పక్కన తెలంగాణలో 2024 చివర్లో మెస్ ఛార్జీలు పెంచారు. ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లవాడికి నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. పెరిగిన తరువాత కూడా రోజుకు యాభై ఒక్క రూపాయి. మూడు పూటలు, పొయ్యి ఖర్చుతో సహా. హోటల్‌లో రెండు ఇడ్లీ ప్లేట్లు తిన్నవాడికి ఈ లెక్క వేరే చెప్పనవసరం లేదు. ఇంత తక్కువైనా దాని కోసం ఎవరికీ దణ్ణం పెట్టనక్కర లేదు. అదొక్కటే, కానీ అది చిన్న విషయం కాదు.

ఆ ఒక్కటి కూడా లేని పిల్లలను నేను హైదరాబాదులో చూశాను. ఉద్యోగరీత్యా అక్కడ ఉండగా, ఒక మిత్రుడి వెంట కొన్ని ఆదివారాలు బాలాపూర్ వైపు వెళ్ళేవాణ్ణి. అక్కడ రోహింగ్యాల గుడిసెలున్నాయి. వాళ్ళది బర్మాలోని రఖైన్ ప్రాంతం. 1982 పౌరసత్వ చట్టంతో వాళ్ళు సొంత దేశంలోనే పరాయివాళ్ళయ్యారు. 2012లో అల్లర్లు, 2017 ఆగస్టులో సైన్యం దాడులు. అప్పుడు ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. కొందరు అంతకుముందే మన దేశం చేరుకున్నారు. అద్దె స్థలంలో వెదురుతడికలు, టార్పాలిన్ పట్టాలు వేసుకుని ఉంటారు. మగవాళ్ళు కూలిపనులకు, పాతసామాన్లు ఏరడానికి వెళతారు. పిల్లలు మాత్రం రెండేళ్ళలో హైదరాబాదీ హిందీ అందుకున్నారు. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి తన తల్లి చెప్పేది మాకు, మేం చెప్పేది తల్లికి తిప్పి చెబుతూ ఉండేది. తెలుగులో అంకెలు నేర్పితే ఒక్క పూటలో వంద దాకా పట్టేసింది.

ఆ పిల్లల్లో కొందరు సర్కారు బడికి వెళతారు. కొందరిని స్వచ్ఛంద సంస్థలు, మదరసాలు చదివిస్తాయి. కొందరు ఎక్కడికీ వెళ్ళరు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ప్రతి బిడ్డకూ అని అందులో ఉంది, ప్రతి భారతీయ బిడ్డకూ అని లేదు. అయినా బళ్ళో మొదట అడిగేది ఆధార్. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. కాబట్టి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు ఉన్నా అది ప్రతి గుమ్మం దగ్గరా చెల్లదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఢిల్లీ పిల్లల కేసులో, ముందు ప్రభుత్వ పాఠశాలలకే వెళ్ళి అడ్మిషన్ అడగండి, ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్ళండి అని చెప్పింది. అన్నం కోసం కూలికి పోయే మనిషి బిడ్డ ఒకటో తరగతి సీటు కోసం హైకోర్టుకు వెళ్ళాలి!

ఒక ఆదివారం మేం ఉండగానే ఒక వ్యాను వచ్చింది. బ్యాగులు, పుస్తకాలు. పిల్లలను వరసలో నిలబెట్టారు. బ్యాగు తీసుకునేటప్పుడు కెమెరా వైపు చూడమన్నారు. నాకు నా నీలం చొక్కా గుర్తొచ్చింది, లోపల మండింది. కానీ ఆ పిల్లల ముఖాలు చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. కొత్త బ్యాగు జిప్పు తీసి, వేసి, మళ్ళీ తీసి చూసుకుంటున్నారు. నేను ఆ వ్యానును వెనక్కి పంపితే వాళ్ళకు బదులు బ్యాగు ఎవరిస్తారు? మాకు భిక్ష వద్దు అని చెప్పడానికి కూడా కాళ్ళ కింద కొంచెం నేల ఉండాలి. మనకు రాజ్యాంగం ఉంది, రిజర్వేషన్ ఉంది, ఓటుంది, అర్జీ పెట్టుకునే ఆఫీసుంది. వాళ్ళకు ఆ వ్యాను ఉంది. కాబట్టి దానాన్ని మొత్తంగా తిట్టేవాళ్ళతో నేను కలవలేను.

ఇప్పుడు మన హాస్టల్ సంగతికి వస్తాను.

మన తమ్ముళ్ళు శరణార్థులు కాదు. వాళ్ళకు దత్తత తల్లిదండ్రులు అవసరం లేదు. వాళ్ళకు అమ్మానాన్నలున్నారు, కూలికి పోతున్నారు అంతే. కొడుకును ఎవరో దత్తత తీసుకున్నారని గోడ మీద చూసిన తండ్రి మనసు ఎలా ఉంటుందో, మన నాన్నలను తలుచుకుంటే అర్థమవుతుంది. అందుకని ఆ మాట తీసేద్దాం. ఫోటోలు కూడా వద్దు. ఒకరికి ఒకరు అని జతలు కట్టడం కూడా వద్దు. అమెరికాలో ఉన్న అన్నకు జతపడినవాడికి ల్యాప్‌టాప్ వస్తుంది, నాలాంటివాడికి జతపడినవాడికి జామెట్రీ బాక్స్ వస్తుంది. ఒకే గదిలో పడుకునే ఇద్దరి మధ్య అంత తేడా మనం తెచ్చిపెట్టకూడదు. డబ్బంతా ఒకే నిధిలో వేద్దాం.

ఆ నిధితో ఏమి చెయ్యకూడదో కూడా చెబుతాను. దీని మీద కొందరు అన్నలకు కోపం రావచ్చు. మెస్ బిల్లులు, దుప్పట్లు, మరుగుదొడ్ల తలుపులు, ఇవి మనం కొనకూడదు. అవి ప్రభుత్వం ఇవ్వవలసినవి. మనం కొంటే వచ్చే ఏడు బడ్జెట్‌లో ఆ లైను ఉండదు. ఆఫీసులో "మీకు పూర్వ విద్యార్థులున్నారుగా" అంటారు. వాటి కోసం అర్జీ రాద్దాం, సమాచార హక్కు కింద అడుగుదాం, మనలో వకీళ్ళున్నారు, విలేకరులున్నారు. తలుపు వచ్చేదాకా పిల్లలు ఏం చెయ్యాలి అని అడుగుతారు. సరైన ప్రశ్నే. తలుపు మనమే పెట్టిద్దాం. బిల్లును అర్జీకి జతచేసి ఆఫీసుకు పంపుదాం, డబ్బు తిరిగి వచ్చేదాకా వెంటపడదాం.

డబ్బు నిజంగా కావలసింది ఇంకోచోట. పదో తరగతి పరీక్ష రాసిన రోజు హాస్టల్ పిల్లవాడు పెట్టె సర్దుకుని ఊరికి పోతాడు. అక్కడి నుంచి ఇంటర్ కాలేజీలో చేరి, కాలేజీ హాస్టల్‌లో సీటు దొరికి, స్కాలర్‌షిప్ మంజూరయ్యేదాకా నెలల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో అతను ఏ పథకంలోనూ లేడు. మన హాస్టల్ నుంచి పోయినవాళ్ళు పోయింది చాలావరకు అక్కడే. నా పక్క పడకవాడు, నాకు లెక్కలు చెప్పినవాడు, నాకంటే నలభై మార్కులు ఎక్కువ వచ్చినవాడు, ఆ వేసవిలో మేస్త్రీ దగ్గర పనికి కుదిరి మళ్ళీ రాలేదు. ఫీజు కట్టలేక కాదు. కులధ్రువీకరణ, ఆదాయం సర్టిఫికెట్ల కోసం మండలాఫీసు చుట్టూ తిరగడానికి నాలుగు రోజుల కూలి పోతుందని వాళ్ళ నాన్న అన్నాడు. అప్పుడు బస్సు ఛార్జీ ఇచ్చి వెంట వెళ్ళే మనిషి ఒకడుంటే చాలేది. ఆ జర్మనీ ముసలావిడ చేసిన పని అదే. ఆవిడ పంపిన డబ్బు కంటే, నీ సంగతి ఏమైంది అని అడిగిన ఆ ఉత్తరాలే అతను పర్సులో పెట్టుకుని తిరిగాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. నెలకు వెయ్యి ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి, వంద ఇవ్వగలిగినవాళ్ళు వంద ఇవ్వండి. అది కాక ఒక్కొక్కరు ఏడాదికి ఒక వారం సెలవు పెట్టండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పదో తరగతి పూర్తయిన ప్రతి తమ్ముడి ఇంటికీ ఎవరో ఒకరు వెళ్ళాలి. సర్టిఫికెట్లు, దరఖాస్తు, కౌన్సెలింగ్, హాస్టల్ సీటు, బ్యాంకు ఖాతా, మొదటి నెల ఖర్చు. ఆ తమ్ముడు ఎవరికీ ఉత్తరం రాయనక్కర లేదు, మనమే ఫోన్ చెయ్యాలి. ఫెయిలైనవాడి ఇంటికి ముందు వెళ్ళాలి. అతనికి మంచు గురించి రాసుకోవలసిన అవసరం రాకూడదు. టిబెట్ ఇళ్ళలోలాగా ఇంటర్ చదివే తమ్ముడు పదో తరగతివాడి బాధ్యత తీసుకుంటే ఇంకా మంచిది. అతనికి ఆ మండలాఫీసు గుమస్తా ఎప్పుడు సీట్లో ఉంటాడో మనకంటే బాగా తెలుసు.

ఈసారి సమావేశంలో దీన్ని మాట్లాడేటప్పుడు దయచేసి పిల్లలను వడ్డనకు పంపకండి. వాళ్ళను కూడా హాలులో కూర్చోబెట్టండి, వాళ్ళ మాట కూడా వినండి. దత్తత ప్రతిపాదన పెట్టిన అన్నకు ఈ వ్యాసం ముందే చదివి వినిపించాను. ఫోటోల సంగతి ఒప్పుకున్నారు. ఉత్తరం మాత్రం ఉండాలంటారు. పిల్లలకు రాయడం అలవాటవుతుందట. అయితే అర్జీ రాయడం నేర్పుదామన్నాను. నవ్వారు, ఇంకా ఏ మాటా చెప్పలేదు.

నా వంతు డబ్బు మొన్ననే కోశాధికారి తమ్ముడికి పంపాను. రసీదు మీద పేరు రాయవద్దన్నాను. లెక్క కోసం రాయక తప్పదన్నాడు. సరే, రాసుకో అన్నాను. రసీదు పుస్తకం ఉండేది బీరువాలో కదా.